ముందు పెరుగు, వెనక చేప

తాడేపల్లిగూడెం షెడ్డులో మెకానిక్కు మా బండి వెనక బంపరు మీద రెండు అరచేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కి వదిలాడు. బండి కిందికి పోయింది. పైకి లేచింది. మళ్లీ పోయింది, మళ్లీ లేచింది. నేను ఎదురు బడ్డీకి వెళ్లి టీ తాగి, గ్లాసు ఇచ్చేసి, పక్కవాడి భుజం మీంచి అతని పేపరు కూడా చదివేసి వచ్చినా అది ఇంకా ఊగుతూనే ఉంది. నా మాటల్లో సగం కోసేసినా మిగిలిన సగం నిజమే.

“వెనక షాకబ్జార్బర్లు ఎప్పుడో నూనె కక్కేసి చచ్చిపోయినయ్యండి,” అన్నాడు మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ. “ముందువి మాత్రం మధ్యలో ఎవరో మార్పించారు. ఇప్పుడవీ అరిగిపోయినయ్యనుకోండి. నాకు తెలవకడుగుతాను, చచ్చిన వెనకవాటిని అలాగే ఉంచి ముందువి మాత్రం మార్పించిన మహానుభావుడెవరండి?”

ఆ మహానుభావుడు మా అక్క మొగుడు, మా బావగారు. ఆయన పోయి ఏడాది దాటింది. నిద్రలోనే, మంచం మీద కదలకుండా పోయారు. ఆయన కదలకుండా ఉన్నది జన్మలో ఆ ఒక్కసారే.

ఏలూరు దిగువన కొల్లేటి ఒడ్డు ఊరు వాళ్లది. వరి చేలున్నాయి, చేపల చెరువూ ఉంది. పొద్దున్నే ఆ ఊళ్లోకి వెళ్లినవాళ్లకి ముందు కనిపించేది మా బావగారు కాదు, ఆయన బండి ఊగడం. ఏడు సీట్ల ఎత్తైన బండి అది. ఇప్పటివాళ్లు ఎస్‌యూవీ అంటారు. ఆయన మాత్రం “బండి” అనేవారు, ప్రపంచంలో బండి అనేది అదొక్కటే అయినట్టు. వాకిట్లో దాని వెనక బంపరు మీద కూచుని, పంచె మోకాళ్ల పైకి లాక్కుని, కాళ్లు ఆడిస్తూ టీ తాగేవారు. ఆయన ఇటు ఒరిగితే బండి ఇటు, అటు ఒరిగితే బండి అటు. ఎవరైనా వస్తే, “రండి, కూచోండి,” అని పక్కన చోటిచ్చేవారు. చేపలు కొనడానికొచ్చిన వ్యాపారులు బేరం మధ్యలో కళ్లు తిరిగి ఆయన చెప్పిన ధరకే ఒప్పుకునేవారని ఊళ్లో చెప్పుకుంటారు. ఊళ్లో అంటే నేనే.

మర్యాద ఆయన దగ్గరే నేర్చుకోవాలి. ఆయన బండి హారన్ మోగగా విన్నవాళ్లు లేరు. గేదె అడ్డం వస్తే బండి ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, “ఏవండీ, కాస్త పక్కకి జరుగుతారా?” అనేవారు. గేదె ఆలోచించుకునే దాకా ఆగేవారు. బాతుల మందకీ అదే గౌరవం. నన్ను మాత్రం “ఒరేయ్” అనేవారు. నేను ఉక్రోషపడితే, “గేదె పాలిస్తుందిరా. నువ్వేం ఇస్తావు?” అనేవారు.

ఇక ఆ షాకుల సంగతి. అవి పోయాయని ఆయనకి తెలియక కాదు. కావాలనే మార్పించలేదు.

చెరువులో వదిలే చేపపిల్లని ఉండి ఊరి దగ్గర, గుడ్లు పొదిగించి పిల్లని అమ్మే హేచరీ నుంచి తెచ్చుకునేవారు. ఇప్పుడు అందరూ పిల్లని ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో తెస్తారు. మా బావగారికి ఆ సంచుల మీద నమ్మకం లేదు. “కొనుక్కొచ్చిన గాలి ఎంతసేపుంటుందిరా?” అనేవారు. వాళ్ల నాన్నగారి కాలంలో పిల్లని కుండల్లో పోసి, కావడి మీద మోసుకొచ్చేవారట. మోసేవాడు దారంతా కుండని కుదుపుతూనే ఉండాలి. నీళ్లు అల్లాడితే గాలి కలుస్తుంది, పిల్ల బతుకుతుంది. నీళ్లు నిలబడితే పిల్ల మూతులు పైకి పెట్టేస్తుంది. ఆ కావడివాడి పని ఇప్పుడు తన బండి చేస్తోందని ఆయన సిద్ధాంతం. వెనక సీట్లు మడిచి, నీలం డ్రమ్ములు పెట్టి, సగం దాకా నీళ్లూ పిల్లా పోసి, పైన వల కట్టి, గతుకులు ఏ దారిలో ఎక్కువున్నాయో ఆ దారిన వచ్చేవారు. “నున్నటి రోడ్డు మీద చేప నిద్రపోతుందిరా. నిద్రపోయిన చేప మళ్లీ లేవదు.” జిల్లాలో గోతుల రోడ్లని మెచ్చుకున్న పన్ను కట్టే పౌరుడు ఆయనొక్కడే.

ఆ బండి చేసిన మేళ్లు ఇంకా ఉన్నాయి. ఉంగుటూరులో మాకు తెలిసినాయన ఒకరు కడుపులో రాయితో మెలికలు తిరుగుతుంటే మా బావగారు ఆసుపత్రికని ఎక్కించుకుని కాలవగట్టు మీంచి తోలారు. సగం దారిలో ఆ నొప్పిమనిషి బండి ఆపమని పొద చాటుకి పరుగెత్తి, తిరిగొచ్చి, “ఇక ఇంటికి పోదామండి,” అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరెవరో ఫోన్లు చేసి, “బండి ఖాళీగా ఉందాండి?” అని అడిగేవారు. మా బావగారు కుర్చీలో వెనక్కి వాలిన డాక్టరు లాగ, “ఏ పక్క నొప్పండి?” అనేవారు.

అంతా బాగానే ఉంది కానీ, ఆ బండిలో చేపలే కాదు, మా అక్క కూడా తిరగాలి.

మా అక్క చేతి గేదె పెరుగు కత్తితో కోస్తే తెగేలా ఉంటుంది. గూడెంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా అమ్మ కోసం స్టీలు క్యారేజీ నిండా తెచ్చేది. ఒకసారి చుట్టాలంతా భోజనాలకి కూచుని ఉండగా మా అమ్మ ఆ క్యారేజీ మూత తీసింది. లోపల పెరుగు లేదు. పల్చటి చల్ల ఉంది, దాని మీద నిమ్మకాయంత వెన్నముద్ద తేలుతోంది.

మేము ఇంకా నోళ్లు తెరుచుకుని చూస్తూండగానే మా బావగారు తొడ చరిచి, “చూశావా, నా బండి!” అన్నారు. “కవ్వం లేదు, తాడు లేదు. ఎక్కించడం, దించడం, అంతే!”

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“పెరుగుకే ఇంత గతి పట్టిస్తే, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూచున్న మనిషి నడుం ఏమైపోవాలండీ? ఆలోచించారా ఎప్పుడైనా?”

“అది కాదే, చేపపిల్ల...”

“చేపపిల్లనే తిప్పుకోండి. తోడు పెట్టిన పాలు నా ఒళ్లో పెట్టుకుని కూచుంటే, దిగేసరికి గడ్డ పెరుగు అవ్వాలి. అయిన రోజున ఎక్కుతాను మీ బండి.”

అని సంచి పుచ్చుకుని బస్టాండుకి నడిచింది.

మా అక్క మాటంటే మాటే. బస్సు ఏలూరు వైపు బయల్దేరింది. పక్కనే మా బావగారు బండి వేసుకుని, బస్సుతో సమానంగా, ఎగురుకుంటూ. నేను వెనక సీట్లో. బస్సు ఆగిన చోటల్లా ఆయనా ఆగి, కిటికీలోంచి, “ఇదిగో, దిగవే! జనం చూస్తున్నారు!” అనేవారు. జనం చూడటమే కాదు, పక్షాలు కూడా తీసుకున్నారు. ఆడవాళ్లంతా అక్క వైపు. మగవాళ్లు పైకి బావ వైపు, లోపల ఎటో చెప్పలేం. ఉంగుటూరులో కండక్టరు తల బయటపెట్టి, “బాబాయిగారూ, మీరే ఓ టిక్కెట్టు తీసుకుని ఎక్కేయండి. ఆ ఊపుకి మీ బండి దాని దారిన అదే వస్తుంది,” అన్నాడు.

ఆ రోజు మొదలు ఆయన తన కండువా తీసి ముందు సీటు మీద పరిచారు, బస్సులో సీటు ఆపుకున్నట్టు. ఎవర్నీ కూచోనిచ్చేవారు కాదు. ముందు సీటు ఖాళీగా ఉన్నా నేను వెనక డ్రమ్ముల మధ్య కూచోవాల్సిందే. “అది మీ అక్కది,” అనేవారు. అక్క ఎక్కితే కదా! చుట్టాలింటికైనా, ఆసుపత్రికైనా ఆవిడ బస్సులోనో ఆటోలోనో పోయేది. ఆయన ఖాళీ సీటు పక్కన పెట్టుకుని వెనకాల పోయేవారు. బంపరు మీద టీ తాగడం మానలేదు కానీ, కాళ్లు ఆడించడం మానేశారు. అంతకంటే దిగులుపడిన మనిషిని నేను చూడలేదు.

చివరికి ఒకరోజు ఏలూరు షెడ్డుకి తోలారు. మెకానిక్కు అటూ ఇటూ నొక్కి చూసి, నాలుగూ పోయాయి, నాలుగూ మార్చాలన్నాడు.

“ముందు రెండూ మార్చండి చాలు,” అన్నారు మా బావగారు.

“వెనకవి ఇంకా ఘోరంగా ఉన్నయ్యండి.”

“ఉండనివ్వండి. ముందు పెళ్లాం కూచుంటుందండి, వెనక చేపలు కూచుంటాయి. నాలుగూ మారిస్తే చేప చస్తుంది. అసలు మార్చకపోతే నేను చస్తాను.”

మెకానిక్కు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

అలా తయారైంది ఆ బండి. ముందు భాగం పురాణం చెప్పే శాస్త్రిగారిలా నింపాదిగా పోయేది. వెనక భాగం తిరనాళ్లకి బయల్దేరినట్టు ఎగిరేది. ముందు కూచున్నవాళ్లు, వెనక కూచున్నవాళ్లు ఒకే ఊరు వెళ్లొచ్చామంటే ఒకరినొకరు నమ్మేవారు కాదు.

పరీక్ష రోజు వచ్చింది. తెల్లారకుండానే అక్క పాలు కాచి, గోరువెచ్చగా చేసి, మట్టి గురిగిలో పోసి తోడు పెట్టింది. మా బావగారు ముందు సీటు మీది కండువా తీసి, దులిపి, భుజాన వేసుకుని తలుపు తెరిచి పట్టుకున్నారు. అక్క గురిగితో సహా ఎక్కి కూచుంది. “పోనివ్వండి,” అంది, మేజిస్ట్రేటులాగ. నేను వెనక.

ఉండి దాకా ఏ ఇబ్బందీ లేదు. పిల్లని పోయించుకున్నాం, అన్నీ శీలావతి రకమే, చిటికెన వేలంత. తిరుగు దారికి మా బావగారు పథకం వేసుకునే ఉన్నారు. ఆయనకి ఎంతో ఇష్టమైన గట్టు రోడ్డు ఒకటుంది, ముక్కాలు వంతు గోతులు, మిగతాది గోతుల మధ్య గట్లు. కొత్త షాకులు ముందు కుదుపు మింగేస్తాయి, పాతవి వెనక నీళ్లు చిలుకుతాయి. పెరుగూ తోడుకుంటుంది, చేపా బతుకుతుంది.

మలుపు తిరిగి గట్టు ఎక్కగానే బండి ఆగిపోయింది. మా బావగారు స్టీరింగు మీద రెండు చేతులూ వేసి ముందుకి చూస్తున్నారు. రోడ్డు నల్లగా, నున్నగా, ఎండలో పాములా మెరుస్తోంది.

గడ్డిమోపుతో పోతున్న ఒకావిడ నిలబడి, “నిన్ననే వేశారండి,” అంది సంతోషంగా. “ఎంత బాగుందోనండి! కడుపులో నీళ్లు కదలటం లేదు.”

“కడుపులోవి కదలకపోయినా ఫర్వాలేదమ్మా,” అన్నారు మా బావగారు నీరసంగా. “డ్రమ్ములోవి కదలాలి.”

కొంత దూరం పోయేసరికి వెనక నీళ్లు నిలబడిపోయాయి. వల కిందికి చూద్దును కదా, పిల్లంతా పైకొచ్చి మూతులు తెరుస్తోంది.

“బావగారూ! మూతులు పెట్టేశాయి!”

ఆయన మళ్లీ బండి ఆపారు. ఎడమ పక్కన చేలల్లోంచి డొంక ఒకటి వాళ్ల ఊరివైపే పోతుంది. ట్రాక్టర్లు దున్నేసిన డొంక. దాంట్లోంచి పోతే ఒక్క పిల్ల చావదు. కానీ ఆ గోతులకి కొత్త షాకులు కాదు కదా, ఏనుగు మీద కూచున్నా గురిగి నిలవదు. ఆయన డొంక వైపు చూశారు. తర్వాత అక్క ఒళ్లోకి చూశారు. ఆ ఏటి చెరువంతా వెనక డ్రమ్ముల్లో ఉంది.

అక్క గురిగి అంచు మీద చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా, “డొంకలోకి తిప్పండి. చేప ముఖ్యం కదండీ,” అంది. ఆ అనడంలో కోపం లేదు. అదే ఆయన్ని చంపింది.

మా బావగారు తలుపు తీసుకుని దిగారు. వెనక్కి వచ్చి నన్ను దింపారు.

“తోలరా.”

“నేనా?”

పెళ్లయిన దగ్గర్నించీ ఆయన తాళం చెవి ఎవరి చేతికీ ఇచ్చిన మనిషి కాదు. బండి కడిగేవాడికి కూడా తానే ముందుకీ వెనక్కీ నడిపి ఇచ్చేవారు.

“నువ్వే. తారు మీదే పోనీ. నెమ్మదిగా. కుదిపావో, చెరువులో తోసేస్తాను.”

చొక్కా విప్పేసి, డ్రమ్ముల మధ్య మోకాళ్ల మీద కూచుని, చెరో డ్రమ్ములో చెరో చెయ్యి భుజం దాకా ముంచి చిలకడం మొదలుపెట్టారు. నేను నూనె మీద నడిచినట్టు బండి నడుపుతున్నాను. వెనక ఒకటే చప్పుడు, ధబధబ, ధబధబ. మధ్య మధ్యలో ఆయాసంతో ఆయన గొంతు. “లేవండి బాబూ, లేవండి! వచ్చేసింది మన ఊరు. ఏవండీ శీలావతిగారూ, పడుకోకండమ్మా!”

నేను వెనక ఏం జరుగుతోందో చూద్దామని అద్దం కేసి చూస్తే దాంట్లో నాకు అక్క కళ్లు కనిపించాయి. అద్దాన్ని ఎప్పుడో తన వైపు తిప్పేసుకుంది.

“అక్కా, అద్దం నాక్కావాలి.”

“నీకెందుకు? నువ్వు రోడ్డు చూడు.”

దారి పొడుగునా ఆవిడ అద్దంలోంచి చూపు తిప్పలేదు. ఒళ్లో గురిగి ఉన్న సంగతి కూడా మర్చిపోయినట్టుంది.

చెరువు గట్టున దించేసరికి మా బావగారు వలలో పడ్డ చేపలా ఉన్నారు. జుట్టు నుంచి, మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి. పిల్లని చెరువులో వదిలాం. చాలా మటుకు తుర్రుమని పోయాయి. కొన్ని తెల్లగా తేలాయి. ఆయన అటువైపు చూడలేదు. “అన్నీ బతికేశాయి!” అని ప్రకటించారు. మేము కాదనలేదు.

అప్పుడు అక్క గురిగి తెచ్చింది. కొంచెం వంచింది. ఒలకలేదు. ఇంకా వంచింది. మా బావగారు తల ముందుకి చాచారు. అక్క ఆయన తడి తల మీదికి తీసుకొచ్చి గురిగిని ఏకంగా బోర్లించేసింది.

ఒక్క చుక్క రాలలేదు.

“చూశావా, నా బండి!” అని అరిచారు మా బావగారు. తొడ చరుద్దామని చూశారు గానీ చెయ్యి లేవలేదు. రెండు చేతులూ భుజాల నుంచి తాళ్లలా వేలాడుతున్నాయి.

“బండేనండీ,” అంది అక్క. “ఆ చేతుల్తో ఇప్పుడు అన్నం ఎలా తింటారో చూస్తాను.”

ఎలాగేముంది? అక్కే పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆయన బంపరు మీద కూచుని నోరు తెరిచేవారు, మింగేవారు, కాళ్లు ఆడించేవారు. మళ్లీ బండి ఊగింది. అంతటి ఠీవి నేను పెళ్లిపీటల మీద కూడా చూడలేదు. నా వంతు పెరుగు అడిగితే, “నువ్వు తోలినవాడివి. మజ్జిగ తాగు,” అన్నారు.

ఇదంతా మెకానిక్కుకి చెప్పాను. కాస్త పెంచే చెప్పాననుకోండి. శీలావతులు ఆయన్ని పేరు పెట్టి పిలిచాయన్న చోట అతను నమ్మలేదు. మిగతాదంతా నోరు తెరుచుకుని విని, “ఆయ్, బావుందండి. మరి ఇప్పుడు నాలుగూ మార్చేద్దామాండి?” అన్నాడు.

అక్కకి ఫోన్ చేశాను. చెరువు ఇప్పుడు కౌలుకిచ్చేసింది. పిల్ల సంచుల్లోనే వస్తోంది. వెనక షాకులతో ఎవరికీ పని లేదు.

“ముందువి మార్పించు,” అంది అక్క.

“వెనకవో?”

“మొన్నొకసారి ఆ బంపరు మీద కూచుని చూశానురా. ఇంకా ఊగుతోంది. అవి ఉంచెయ్యి. నువ్వు నెమ్మదిగానే తోలుతావుగా,” అంది.

మెకానిక్కు తల కొట్టుకుని, మీ ఇంటి వంశమే ఇంతాండి అన్నట్టు చూసి, ముందువి మార్చి, వెనక షాకుల చివర అరిగిన రబ్బరు బుష్షులు మాత్రం మారుస్తానని పట్టుబట్టి మార్చి, గతుకుల్లో తొందరపడనని నా దగ్గర మాట తీసుకుని బండి ఇచ్చాడు.

ఆ ఆదివారం అక్కని గూడెం తీసుకురావడానికి వాళ్ల ఊరు వెళ్లాను. ముందు తలుపు తెరిచి, బావగారిలాగే పట్టుకుని నిలబడ్డాను. “కూచో అక్కా. కొత్త షాకులు. గురిగి బోర్లించినా రాలదు.”

అక్క ముందు సీటు మీద ఆయన కండువా పరిచి, అంచులు సర్ది, తలుపు వేసేసింది. క్యారేజీ పుచ్చుకుని వెనక్కెక్కింది, ఒకప్పుడు డ్రమ్ములుండే చోటికి.

“నడుం పోతుందక్కా!”

“నా నడుం సంగతి నీకెందుకురా? పోనీ.” నేను తారు రోడ్డు వైపు తిప్పుతుంటే భుజం మీద తట్టి, “అటు కాదు. గతుకులున్న వైపు,” అంది.

దారంతా వెనక ఆవిడ ఎగురుతూనే ఉంది. అద్దంలో చూశాను. ఈసారి అద్దం నా వైపే ఉంది. నవ్వుకుంటోంది.

మా ఇంట్లో దిగి, అందరూ చూస్తుండగా అక్క క్యారేజీ మూత తీసింది. పల్చటి చల్ల. దాని మీద తెల్లగా, గుండ్రంగా వెన్నముద్ద.

అక్క దాన్ని వేలితో తీసి నా అరచేతిలో పెట్టింది.

“చూశావా,” అంది, “ఆయన బండి.”